మెష్‌లో మల్టీకాస్ట్ ఎందుకు నత్తనడక నడుస్తుంది

అందరికీ నమస్కారం. మెష్ నెట్‌వర్క్, అంటే నోడ్లనే చిన్న రూటర్లు ప్యాకెట్లను గాలిలోనే ఒకదాని నుంచి ఒకటి అందుకుని ముందుకు పంపే నెట్‌వర్క్, ఎలా కట్టాలో ఈ గంటలో చెప్పబోవడం లేదు. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఇప్పటికే కట్టి నడుపుతున్నారు. మిగతా ట్రాఫిక్ అంతా చక్కగా పోతుంటే మల్టీకాస్ట్, అంటే ఒకరు పంపింది ఒకేసారి చాలామందికి చేరే ట్రాఫిక్, ఒక్కటే ఎందుకు కుంటుతుంది, ఆ కుంటు ఎక్కడ మొదలైందో ఎలా పట్టుకోవాలి అన్నదే నా విషయం.

ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది. "స్పీడ్ టెస్ట్ బాగుంది, పింగ్‌లో ఒక్క ప్యాకెట్ కూడా పోవడం లేదు. కానీ వీడియో ప్రసారం ముక్కలు ముక్కలుగా వస్తోంది. ప్రింటర్ ఒకసారి కనిపిస్తుంది, మరోసారి కనిపించదు." ఇది విన్నవారు నెట్‌వర్క్‌ను వదిలేసి వీడియో పంపే యంత్రాన్ని అనుమానిస్తారు. యంత్రం మారుస్తారు, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తారు, ఫలితం ఉండదు. ఎందుకంటే స్పీడ్ టెస్ట్, పింగ్ రెండూ యూనికాస్ట్, అంటే ఒకరి నుంచి ఒక్కరికే పోయేవి. అవి బాగున్నాయంటే యూనికాస్ట్ బాగుందని మాత్రమే అర్థం. అదే రేడియో, అదే ఛానల్, అదే యాంటెనా అయినా, వైఫై ఈ రెండు రకాల ఫ్రేములనూ (గాలిలో పోయే ప్యాకెట్లనూ) పూర్తిగా వేరువేరు నియమాలతో పంపుతుంది. ఆ తేడా తెలియకుండా చేసే పరిశోధన అంతా చీకట్లో బాణం వేయడమే.

ఆ నియమాలు చూద్దాం. యూనికాస్ట్ ఫ్రేమ్ అందగానే అవతలి రేడియో వెంటనే అందినట్లు ఒక చిన్న జవాబు పంపుతుంది. దాన్నే యాక్ అంటాం. యాక్ రాకపోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు, సాధారణంగా ఏడు సార్ల దాకా. పోయిన ఫ్రేముల లెక్క చూసుకుంటూ వేగాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం వచ్చాక చాలా ఫ్రేములను ఒక్క మూటగా కట్టి పంపే వీలూ వచ్చింది. ఈరోజు మనం చూసే వందల మెగాబిట్ల వేగాలన్నీ ఈ యాక్ మీద, ఈ మూటల మీద, ఈ వేగ సవరణ మీద నిలబడి ఉన్నవే.

మల్టీకాస్ట్ ఫ్రేమ్‌కు ఇవేవీ లేవు. అది చాటింపు లాంటిది. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో చాటినవాడికి తెలియదు. అడిగే పద్ధతీ లేదు. యాక్ ఉండదు కాబట్టి మళ్లీ పంపడం ఉండదు. ఏ వేగంలో పంపితే అందుతుందో తెలుసుకునే మార్గం లేదు కాబట్టి, అందరికంటే దూరాన ఉన్నవాడికి కూడా అర్థం కావాలని అతి తక్కువ వేగంలో పంపుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది తరచూ 1 మెగాబిట్, 5 గిగాహెర్ట్జ్‌లో 6 మెగాబిట్లు. ఆ 1 మెగాబిట్ వేగం 1997 నాటి మొదటి వైఫై ప్రమాణంలోనిది. మీరు నిన్న కొన్న రూటర్ పెట్టె మీద ఎన్ని వేల మెగాబిట్లు రాసి ఉన్నా, దాని మల్టీకాస్ట్ ఇంకా 1997లోనే ఉండవచ్చు.

(సభలో నవ్వులు)

నవ్వుకోవచ్చు గానీ దీనికి ఎవరినీ తప్పు పట్టలేం. ఐపీ మల్టీకాస్ట్‌ను స్టీవ్ డీరింగ్ 1989లో ఆర్ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా రాసినప్పుడు అందరి మనసులో ఉన్నది తీగల ఈథర్‌నెట్. అక్కడ ఒక ఫ్రేమ్ ఒకరికి పంపినా, వందమందికి పంపినా ఖర్చు ఒక్కటే. తీగలో నష్టం లేనట్టే లెక్క, వేగం అందరికీ సమానమే. ఆ ఊహ మీద ఎన్నో ప్రోటోకాళ్లు కట్టారు. గాలిలోకి వచ్చేసరికి ఆ రెండు ఊహలూ కూలిపోయాయి. ఈ ఇబ్బందులన్నిటినీ ఒకచోట చేర్చి, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2021లో ఆర్ఎఫ్‌సీ 9119గా ప్రచురించింది. మీరు ఒంటరివారు కాదని తెలుసుకోవడానికైనా దాన్ని ఒకసారి చదవండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఈ ప్రసంగంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ లెక్కను గుర్తుంచుకోండి. వైఫైలో ఖర్చును మెగాబిట్లలో కొలవకూడదు, ఎయిర్‌టైమ్‌లో కొలవాలి. అంటే ఒక ఫ్రేమ్ ఛానల్‌ను ఎంతసేపు పట్టి ఉంచిందన్నది చూడాలి.

సెకనుకు 4 మెగాబిట్ల వీడియో స్ట్రీమ్ తీసుకోండి. ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో ఒక్కో ముక్క 188 బైట్లు. అలాంటివి ఏడు కలిపి 1316 బైట్లు ఒక ప్యాకెట్‌లో పెట్టడం మామూలు. ఆ లెక్కన సెకనుకు సుమారు 380 ప్యాకెట్లు. హెడర్లన్నీ చేరాక గాలిలో ఒక్కోటి 1380 బైట్ల దగ్గర ఉంటుంది. 1 మెగాబిట్ వేగంలో అలాంటి ఒక ఫ్రేమ్‌కు 11 మిల్లీసెకన్లు పడుతుంది. 380 ఫ్రేములకు నాలుగు సెకన్లు దాటుతుంది. ఒక సెకను వీడియో పంపడానికి నాలుగు సెకన్ల గాలి కావాలన్నమాట. ఇక బఫర్లు పెంచి ఏం లాభం?

అదే 6 మెగాబిట్ల దగ్గర, ఫ్రేముల మధ్య విరామాలు కూడా కలుపుకుంటే, ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లు. సెకనులో మూడు వంతుల కాలం ఈ ఒక్క స్ట్రీమ్‌కే పోయింది. పనిచేస్తుంది, కానీ మిగతావారికి పావు వంతు మిగిలింది. 24 మెగాబిట్ల దగ్గర చూస్తే ఐదో వంతుకు కాస్త ఎక్కువ. ఇవన్నీ ఒక్క హాప్ లెక్కలు, అంటే ఒక రేడియో నుంచి పక్కదానికి ఒక్క అంగ. మెష్‌లో నోడ్లన్నీ ఒకే ఛానల్‌లో మాట్లాడుకుంటే, రెండో హాప్ కూడా అదే గాలిని వాడుతుంది. 6 మెగాబిట్ల దగ్గర రెండు హాప్‌లు అంటే సెకనుకు సెకనున్నర కావాలి. అందుకే మొదటి నోడ్ దగ్గర బాగా వచ్చిన వీడియో రెండో నోడ్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ పరికరం ఏదీ చెడిపోలేదు. లెక్కే కుదరలేదు.

నష్టం సంగతి కూడా ఇలాంటిదే. ప్రతి హాప్‌లో పదిలో ఒక ఫ్రేమ్ పోతోందనుకోండి. యూనికాస్ట్‌కు అది లెక్కలోకి రాదు, మళ్లీ పంపి సర్దేస్తుంది. పింగ్ సమయం కాస్త పెరిగిందేమో అనిపిస్తుంది, అంతే. మల్టీకాస్ట్‌కు మూడు హాప్‌లు దాటేసరికి మిగిలేది 73 శాతం. నూటికి 27 ప్యాకెట్లు పోయిన వీడియోను ఎవరు చూస్తారు? ఒకే లింకు పింగ్‌కు నిక్షేపంగా, వీడియోకు నాసిగా కనిపించడంలో వింతేమీ లేదు.

ఇక మెష్ తనవంతుగా కలిపేది వరదను. యూనికాస్ట్ ప్యాకెట్ ఒక దారి పట్టుకుని పోతుంది. మల్టీకాస్ట్‌ను మాత్రం విన్న ప్రతి నోడూ మళ్లీ చాలావరకు అలాగే పంపుతుంది. 2011లో ఖరారైన 802.11ఎస్ అనే వైఫై మెష్ ప్రమాణంలో ప్రతి ఫ్రేమ్‌కు ఒక వరుస సంఖ్య ఉంటుంది, ఒకసారి విన్నదాన్ని మళ్లీ పంపకుండా అది కాపాడుతుంది. అది వరద అంతులేకుండా తిరగడాన్ని ఆపుతుంది, వరదను ఆపదు. బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్ అనే లైనక్స్ మెష్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. యాక్ లేని లోటు పూడ్చడానికి అది వైఫై మీద ప్రతి బ్రాడ్‌కాస్ట్‌నూ, అంటే అందరికీ పోయే ఫ్రేమ్‌నూ, మూడేసి సార్లు పంపుతుంది. నష్టం పరంగా మంచి ఉపాయమే. పదిలో ఒకటి పోయే లింకు మీద మూడుసార్లు పంపితే, నష్టాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వెయ్యిలో ఒకటే పోతుంది. కానీ ఎయిర్‌టైమ్ మూడింతలు. ఇరవై నోడ్లు ఉంటే ఒక్క ప్యాకెట్‌కు అరవై ప్రసారాల దాకా పోవచ్చు.

గాలిలో 150 బైట్లుండే చిన్న ప్యాకెట్ చూడండి. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి పంపుకునే రకం. 1 మెగాబిట్ వేగంలో అది 1.4 మిల్లీసెకన్లు తింటుంది. అరవై సార్లంటే 84 మిల్లీసెకన్లు. నోడ్లన్నీ ఒకదానికొకటి వినిపించే దూరంలో ఉంటే, సెకనుకు అలాంటివి పన్నెండు వస్తే చాలు, ఛానల్ నిండిపోతుంది. పన్నెండు! వంద ఫోన్లున్న చోట అది ఏ పాటి?

కాబట్టి పరిశోధన మొదలుపెట్టేటప్పుడు నేను స్ట్రీమ్‌ను పక్కన పెట్టి, అది కాక ఇంకెవరు మాట్లాడుతున్నారో మొదట చూస్తాను. ఏదైనా ఒక నోడ్ మీద ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ పెట్టి మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ మాత్రమే వడకట్టి పది నిమిషాలు పట్టుకోండి. గమ్యం చిరునామా ప్రకారం లెక్కపెట్టండి. 224.0.0.251 కనిపిస్తే అది ఎండీఎన్ఎస్, ప్రింటర్లు, టీవీలు తమ పేర్లు చాటుకునేది. 239.255.255.250 కనిపిస్తే ఎస్ఎస్‌డీపీ, అదీ అలాంటి వెతుకులాటే. మిగిలిన బ్రాడ్‌కాస్ట్‌లో పెద్ద భాగం ఏఆర్‌పీ, అంటే ఒక ఐపీ చిరునామా ఏ పరికరానిదో అడిగే ప్రశ్నలు, ఉంటుంది. నన్నడిగితే, నెమ్మదించిన మెష్‌లో మొదటి దోషి వీడియో కావడం కంటే ఈ చిల్లర ఘోష కావడమే ఎక్కువ. వీడియో ఆగిపోతే కనిపిస్తుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

ఆ ఘోషను తగ్గించడానికి తెలివైన ఉపాయాలు అక్కర్లేదు. అతిథుల నెట్‌వర్క్‌కు ఎండీఎన్ఎస్ ఎందుకు? మెష్‌లోకి రాకముందే వడకట్టేయండి. మధ్యలో రూటర్ లేకుండా ఒక్కటిగా ఉన్న పెద్ద లేయర్-2 నెట్‌వర్క్‌ను రెండు మూడు ముక్కలు చేసి మధ్యలో రూటింగ్ పెట్టండి, బ్రాడ్‌కాస్ట్ ఆ గీత దాటదు. బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్‌లో ఏఆర్‌పీ జవాబులను నోడ్లే పంచుకుని దాచుకునే సదుపాయం ఉంది, అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. మెష్ అంటే అంతా ఒకే లేయర్-2లో ఉండాలి అనుకోవడం ఒక అలవాటు మాత్రమే. పది నోడ్ల దాకా చెల్లుతుంది, తర్వాత దాని బరువు అదే చూపిస్తుంది.

ఘోష చూశాక గాలిని చూడాలి. లైనక్స్ నోడ్ల మీద ఐడబ్ల్యూ సాధనంలో సర్వే డంప్ అని ఒకటి ఉంది. ఛానల్ మీద రేడియో ఎంతసేపు ఉంది, అందులో ఎంతసేపు గాలి నిండుగా ఉంది, తాను ఎంతసేపు పంపింది అన్నవి అది మిల్లీసెకన్లలో చెబుతుంది. అన్ని డ్రైవర్లూ అన్ని అంకెలూ ఇవ్వవు, ఇచ్చినవి చాలు. స్ట్రీమ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చూడండి. ఆపినప్పుడే గాలి సగం పైగా నిండి ఉంటే మీ స్ట్రీమ్ ఏం చేసినా బాగుపడదు, ముందు ఛానల్ సంగతి చూడాలి. ఆపినప్పుడు ఖాళీగా ఉండి, నడిపినప్పుడు నిండిపోతే, ఇందాకటి లెక్క మీ కళ్లముందు ఉన్నట్టే.

మూడో కొలత, మల్టీకాస్ట్ నిజంగా ఏ వేగంలో పోతోందన్నది. కాన్ఫిగరేషన్ ఫైలులో ఏం రాశారన్నది కాదు, గాలిలో ఏముందన్నది. ఒక ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డును, గాలిలో పోయే ఫ్రేములన్నీ వినే మానిటర్ మోడ్‌లో పెట్టి వైర్‌షార్క్‌తో పట్టుకుంటే ప్రతి ఫ్రేమ్ ముందు రేడియోట్యాప్ హెడర్ ఉంటుంది, అందులో వేగం ఉంటుంది. ఫైలులో 24 అని రాసి ఉంటుంది, గాలిలో 1 కనిపిస్తుంది. కొన్ని డ్రైవర్లు ఆ అమరికను పట్టించుకోవు, పట్టించుకోలేదని చెప్పవు కూడా. ఈ ఒక్క చూపుతో రోజుల తరబడి సాగే వాదనలు ముగుస్తాయి.

నష్టాన్ని కొలవడానికి ఐపెర్ఫ్ వాడండి. కానీ రెండో తరం ఐపెర్ఫ్. మూడోదానిలో మల్టీకాస్ట్ లేదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. 239తో మొదలయ్యే ఒక గ్రూపు ఎంచుకుని, మొదట తీగ మీద పరీక్షించండి. తీగ మీదే పోతుంటే వైఫైని నిందించి లాభం లేదు. తర్వాత ఒక హాప్, ఆ తర్వాత రెండు. టీటీఎల్‌ను, అంటే ప్యాకెట్ ఎన్ని రూటర్లు దాటవచ్చో చెప్పే అంకెను, పెంచి పెట్టడం మరిచిపోకండి. మల్టీకాస్ట్‌కు అది మామూలుగా 1 ఉంటుంది, మధ్యలో రూటర్ ఉంటే ప్యాకెట్ అక్కడే చచ్చిపోతుంది. లేయర్-2 మెష్‌లో దీని అవసరం రాదు, ముక్కలు చేసినవారికి వస్తుంది. నష్టం హాప్‌కు కొంత చొప్పున పెరుగుతూ పోతే అది రేడియో నష్టం. ఒక్క చోట అమాంతం దూకితే ఆ లింకు మీద గాని, ఆ నోడ్‌లో తీగనూ రేడియోనూ కలిపే బ్రిడ్జి మీద గాని అనుమానం పెట్టుకోండి.

బ్రిడ్జి అనగానే ఐజీఎంపీ గురించి మాట్లాడాలి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే ఒకే లోపం రెండు వ్యతిరేక లక్షణాలతో కనిపించేది ఇక్కడే. ఒక గ్రూపు కావలసినవారు ఐజీఎంపీ ద్వారా తమకు అది కావాలని చెబుతారు. స్విచ్‌లు, బ్రిడ్జిలు ఆ మాటలు చాటుగా విని ఏ పోర్టు వైపు పంపాలో గుర్తుంచుకుంటాయి. అదే స్నూపింగ్. కానీ ఆ మాటలు క్రమం తప్పకుండా రావాలంటే ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి. ఆ అడిగేవాడు క్వెరియర్. మామూలు అమరికలో 125 సెకన్లకు ఒకసారి అడుగుతాడు. 260 సెకన్ల పాటు జవాబు లేకపోతే ఆ సభ్యత్వం రద్దయినట్టు.

నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేడనుకోండి. కొన్ని స్విచ్‌లు అక్షరాలా నియమం పాటిస్తాయి. స్ట్రీమ్ మొదలవుతుంది, చక్కగా నడుస్తుంది, నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు ఆగిపోతుంది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. ఎవరైనా నా దగ్గరకు వచ్చి "నాలుగైదు నిమిషాలకు ఒకసారి ఆగిపోతోంది" అంటే, నేను రేడియో వైపు చూడను కూడా చూడను. లైనక్స్ బ్రిడ్జి మాత్రం దీనికి విరుద్ధంగా నడుస్తుంది. క్వెరియర్ కనిపించకపోతే ఎవరికి కావాలో తనకు తెలియదని ఒప్పుకుని అందరికీ పంపేస్తుంది. స్ట్రీమ్ ఆగదు, మెష్ అంతా వరద. ఆ బ్రిడ్జిలో స్నూపింగ్ మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది, క్వెరియర్ ఆఫ్‌లో ఉంటుంది. కాబట్టి స్నూపింగ్ ఆన్‌లో ఉందని సంతృప్తి పడి కూర్చున్నవారి దగ్గర అది ఏ పనీ చేయకుండా ఉండవచ్చు. బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్ కూడా బ్రిడ్జి మీదే ఆధారపడుతుంది. క్వెరియర్ లేకపోతే బ్రిడ్జి వెనుక ఎవరున్నారో దానికి తెలియదు, అందుకని ఆ నోడ్ తనకు మల్టీకాస్ట్ అంతా కావాలని మిగతా నోడ్లకు చెప్పేస్తుంది. బ్యాట్‌కంట్రోల్ సాధనంలో మల్టీకాస్ట్ జెండాలు చూపే ఆజ్ఞ ఉంది. అన్ని నోడ్లూ అన్నీ కావాలంటున్నాయా? కారణం దొరికింది.

క్వెరియర్‌ను మెష్ మధ్యలో, ఎప్పుడూ ఆగని నోడ్ మీద పెట్టండి. ఒకటికంటే ఎక్కువ ఉంటే తక్కువ ఐపీ చిరునామా ఉన్నది గెలుస్తుంది, గొడవ లేదు. అయితే ఆ ప్రశ్నలు కూడా మల్టీకాస్ట్‌లోనే పోతాయి, గాలిలో పోయేవి పోతాయి. ప్రమాణం ఒక నష్టాన్ని తట్టుకునేలా రాశారు, నష్టం ఎక్కువున్న మెష్‌లో అది చాలదు. నష్టాన్ని ఎంత తట్టుకోవాలో చెప్పే రోబస్ట్‌నెస్ అంకెను 2 నుంచి 3కు పెంచండి. ఐపీవీ6కు ఇదే పని ఎంఎల్‌డీ చేస్తుంది, దానికీ క్వెరియర్ వేరుగా కావాలి. ఐజీఎంపీకి పెట్టి దీన్ని వదిలేసినవారే ఎక్కువ.

ఇప్పుడు అందరూ మొదటే చేసే పని, నేను చివరికి ఉంచిన పని: మల్టీకాస్ట్ వేగం పెంచడం. రూటర్లలో ఎక్కించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్‌లో మెష్ ఇంటర్‌ఫేస్‌కు ఒక్క వరుస రాస్తే చాలు, కిలోబిట్లలో. 1 మెగాబిట్ నుంచి 12కో 24కో తీసుకెళ్తే ఎయిర్‌టైమ్ అమాంతం తగ్గుతుంది. కానీ ఏదీ ఉచితంగా రాదు. 24 మెగాబిట్ల ఫ్రేమ్ అర్థం కావాలంటే 1 మెగాబిట్ కంటే ఎంతో బలమైన సిగ్నల్ కావాలి. అంచున ఉన్న నోడ్లకు మల్టీకాస్ట్ అందడం మానేస్తుంది. ఏఆర్‌పీ కూడా దాని మీదే పోతుంది కాబట్టి, యూనికాస్ట్ లింకు బతికే ఉన్నా చిరునామా దొరకక మాట్లాడలేని స్థితి వస్తుంది.

దీనిలోనే ఇంకో మడత ఉంది, నాకు చాలా ఇష్టమైన భాగం. బ్యాట్‌మ్యాన్ నాలుగో తరం అల్గారిథం ప్రతి సెకనూ ఒక చిన్న బ్రాడ్‌కాస్ట్ పంపి, ఎన్ని అందాయో చూసి లింకు నాణ్యత నిర్ణయిస్తుంది. ఒక ప్యాకెట్ అందడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో అంచనా వేసే, 2003లో వచ్చిన ఈటీఎక్స్ కొలతా, దాన్ని వాడే రూటింగ్ పద్ధతులూ ఇలాంటివే. ఆ పరీక్ష ప్యాకెట్లు 1 మెగాబిట్ వేగంలో పోతే, దూరాన ఉన్న బలహీనమైన లింకు కూడా నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. అంత నిదానంగా చెబితే ఎవరికి అర్థం కాదు? అప్పుడు రూటింగ్ రెండు మంచి చిన్న హాప్‌లను వదిలేసి ఒక్క చెడ్డ పొడవాటి హాప్‌ను ఎంచుకుంటుంది. మీ యూనికాస్ట్ ట్రాఫిక్ ఆ లింకు మీద ఈసురోమంటూ పోతుంది. మల్టీకాస్ట్ వేగం పెంచగానే అలాంటి లింకులు పరీక్షలో తప్పుతాయి, దారులు మారతాయి, కొన్నిసార్లు యూనికాస్ట్ వేగం కూడా పెరుగుతుంది. మల్టీకాస్ట్ అమరిక మార్చితే బ్రౌజింగ్ ఎందుకు బాగుపడిందని ఆశ్చర్యపోయేవారికి కారణం ఇదే. ఐదో తరం అల్గారిథం రేడియో అంచనా వేసిన వేగాన్నే తీసుకుంటుంది కాబట్టి ఈ భ్రమకు అంతగా లోను కాదు.

అందువల్ల ఎంత పెంచాలన్నదానికి ఒకే అంకె లేదు. ప్రతి నోడ్‌కూ దాని పొరుగువారిలో కనీసం ఇద్దరితో యూనికాస్ట్ ఏ వేగంలో నడుస్తోందో ఐడబ్ల్యూ సాధనంలోని స్టేషన్ డంప్‌లో చూడండి. ఆ వేగాల్లో అతి తక్కువదానికి ఒక మెట్టు కింద పెట్టండి. అన్ని నోడ్లలోనూ ఒకే విలువ పెట్టండి, లేకపోతే లింకులు ఒకవైపు మాత్రమే వినిపిస్తాయి. మార్చిన రోజంతా అంచు నోడ్లను గమనించండి. ఒక నోడ్ ఊగిసలాడుతుంటే వేగం తగ్గించాలా, అక్కడ మరో నోడ్ పెట్టాలా అన్నది ఆలోచించాలి. ఒక్క నోడ్ కోసం మెష్ మొత్తాన్ని 1 మెగాబిట్‌కు దించడం నేను ఒప్పుకోను.

ఇంకో మార్గం మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చడం. వింటున్నవారు నలుగురే అయితే నాలుగు యూనికాస్ట్ ప్రతులు పంపితే సరి. యాక్ వస్తుంది, వేగం వస్తుంది, మూటలు వస్తాయి. 802.11వీ అనే వైఫై ప్రమాణంలో దీనికి ప్రమాణబద్ధమైన పద్ధతి ఉంది. యాక్సెస్ పాయింట్‌ను నడిపే హోస్ట్‌ఏపీడీ సాఫ్ట్‌వేర్‌లో కూడా చిన్న అమరిక ఉంది. బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్ వినే నోడ్లు పదహారు లోపు ఉంటే తనంతట తానే ఇలా పంపుతుంది, ఆ హద్దును మీరు మార్చవచ్చు. మల్టీకాస్ట్ 6 మెగాబిట్లలో పోతూ, యూనికాస్ట్ 60లో పోతుంటే, దాదాపు పదిమంది దాకా ప్రతులే చవక అని స్థూలంగా అనుకోవచ్చు. వందమంది వింటుంటే ఈ ఉపాయం తిరగబడుతుంది. ఇదంతా సభ్యుల జాబితా సరిగ్గా ఉంటేనే సాధ్యం, అంటే మళ్లీ క్వెరియర్ దగ్గరకే వచ్చాం.

వీడియో ముక్కలు కాకుండా గుంపులు గుంపులుగా వస్తే, ఆలస్యంగా కదిలితే, నోడ్ల మధ్య కాదు, చివరి యాక్సెస్ పాయింట్ దగ్గర చూడండి. దానికి కలిసిన పరికరాల్లో ఒక్కటి నిద్రలో ఉన్నా, యాక్సెస్ పాయింట్ మల్టీకాస్ట్ మొత్తాన్ని దాచిపెట్టి డీటిమ్ బీకన్ తర్వాతే వదులుతుంది. బీకన్ అంటే యాక్సెస్ పాయింట్ తన ఉనికి చాటే ఫ్రేమ్, మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి. ఎన్ని బీకన్లకు ఒకసారి దాచినవి వదలాలో డీటిమ్ అంకె చెబుతుంది. డీటిమ్ 3 అని పెట్టి ఉంటే 300 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. 1కి దించితే ఫోన్ల బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

ట్రాన్స్‌మిట్ పవర్ పెంచడం గురించి అడగవద్దు. అవతలివాడు మిమ్మల్ని వింటాడు, మీరు అతన్ని వినరు, ఇంకో నాలుగు నోడ్లు మీ మాట విని నోరు మూసుకుంటాయి.

ఇక ప్రశ్నలు.

సభికుల ప్రశ్న: పోయిన ప్యాకెట్లను తిరిగి కట్టుకునేలా అదనపు ప్యాకెట్లు కలిపి పంపితే, ఎఫ్ఈసీ అంటారు కదా, ఈ బాధ తప్పదా?

తప్పవచ్చు, మీ గాలి ఖాళీగా ఉంటే. నష్టం బలహీనమైన సిగ్నల్ వల్ల వస్తుంటే ఎఫ్ఈసీ బాగా పనిచేస్తుంది. ఇరవై శాతం అదనంగా పంపి పదిహేను శాతం నష్టాన్ని పూడ్చుకోవచ్చు. నష్టం గాలి నిండిపోవడం వల్ల వస్తుంటే మీరు నిండిన గాలిలోకి ఇంకో ఇరవై శాతం పోస్తున్నారు. సర్వే డంప్ చూడకుండా దీన్ని పెట్టకండి.

సభికుల ప్రశ్న: ఐపీవీ4ను తీసేసి ఐపీవీ6 మాత్రమే పెడితే బ్రాడ్‌కాస్ట్ ఉండదు కదా, ఘోష తగ్గుతుందా?

బ్రాడ్‌కాస్ట్ ఉండదు, కానీ పొరుగువారిని వెతకడం మల్టీకాస్ట్‌లోకి మారుతుంది. తీగ మీద అది మంచి మార్పు. ఒక్కో పరికరం తన చిరునామా చివరి 24 బిట్లకు సరిపోయే గ్రూపునే వింటుంది కాబట్టి మిగతావాటిని లేపదు. గాలిలో మాత్రం ఫ్రేమ్ ఖర్చు అంతే, అదే నిదానపు వేగం, అదే వరద. ఒక్కో పరికరం మూడు నాలుగు చిరునామాలు పెట్టుకుంటే వెతుకులాట ఎక్కువే కావచ్చు. రూటర్ ప్రకటనల మధ్య వ్యవధి కొన్ని సెకన్లకు పెట్టి ఉంటే దాన్ని నిమిషాలకు పెంచండి, అక్కడ కొంత మిగులుతుంది.

సభికుల ప్రశ్న: మా దగ్గర స్నూపింగ్ ఆపేస్తే ప్రింటర్లు కనిపించాయి. ఆపేసి ఉంచవచ్చా?

ఉంచకండి. ఎంఎల్‌డీ, ఐజీఎంపీ జవాబులు ఏదో ఒక నోడ్ దగ్గర పోతున్నాయని మీకు ఇప్పుడు తెలిసింది, అది విలువైన ఆనవాలు. స్నూపింగ్ మళ్లీ ఆన్ చేసి, ఒక్కో నోడ్ బ్రిడ్జి పట్టికలో ప్రింటర్ గ్రూపు ఎక్కడిదాకా కనిపిస్తోందో, ఎక్కడ మాయమవుతోందో చూడండి. 224.0.0.251ని మాత్రం స్నూపింగ్ అసలు ఆపకూడదు, 224.0.0తో మొదలయ్యే గ్రూపులన్నీ అందరికీ పోవాలన్నది నియమం. కాబట్టి మీ ప్రింటర్ ఎండీఎన్ఎస్ వాడుతూ, స్నూపింగ్ ఆన్‌లో మాయమవుతుంటే, ఆ నియమం పాటించని స్విచ్ ఒకటి మధ్యలో ఉంది. దాన్ని కనిపెట్టి, తీగను దాని నుంచి తప్పించి చూడండి.